పోటు నీళ్ల పక్కన ఉత్త డబ్బా

మూడుకాళ్ల స్టాండు ఒకటి. పన్నెండేసి ఫొటోల ఫిల్ము రోళ్లు రెండు. పసుపుపచ్చ ఫిల్టరు అద్దం ఒకటి. మా స్టూడియో అన్న చేతి గడియారం. నా ఎడమకాలి చెప్పు. ఒక గొడుగు. ఆ ఏటి పంచాంగం. సముద్రం దగ్గర గడిపిన నాలుగు రోజుల్లో మేము పోగొట్టుకున్నవి మొత్తం ఎనిమిది.

ఈ ఎనిమిదింటి పట్టీ మహబూబాబాదులో వినని మనిషి లేడు. స్టూడియోకు ఎవరొచ్చినా అన్న వాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి ఈ కథే చెప్పేవాడు. చెప్పిన కొద్దీ అల పెరిగేది. నేను చూసిన అల మనిషి ఎత్తు మీద ఇంకో రెండు మూరలు. అన్న నోట్లో అది రెండేళ్లలో తాటిచెట్టంత అయింది. సముద్రం మమ్మల్ని దోచుకుందని అతని కథ. నేను పక్కన కూర్చుని ఫొటోల అంచులు కత్తిరిస్తూ పళ్లు కొరుక్కునేవాడిని. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా ఒళ్లు మండుతోంది. ఆ ప్రయాణంలో నష్టపోయింది మేము కాము.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడినప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. పెద్దవంగర పక్క పల్లె నుంచి మహబూబాబాదుకు వచ్చి ఊరేగింపుల్లో తిరిగాను. మైకులో చెప్పే ఉద్యోగాల అంకెలు, నీళ్ల అంకెలు, మనకు రావలసిన వాటాలు నోటుబుక్కులో రాసుకునేవాడిని. తోటివాళ్లకు నినాదాలు గుర్తున్నాయి, నాకు అంకెలు గుర్తున్నాయి. ఆ ఏడాది పోయింది, నేను మళ్లీ బడికి పోలేదు. భిన్నాలు, శాతాలు, వెలుతురు లెక్కలు, అన్నీ తర్వాత పాత క్యాలెండర్ల వెనక వైపు నాకు నేనే చేసుకుని నేర్చుకున్నవి.

లారీ ఎక్కి మైకు పట్టుకుని "మన వాటా తిన్నరు, లెక్క అప్పజెప్పాలె" అని గర్జించిన వాళ్లలో మా అన్న ఒకడు. సొంత అన్న కాదు. నెల్లికుదురు దగ్గర భూములున్న ఇంటివాడు. ఉద్యమం చల్లబడ్డాక స్టూడియో పెట్టాడు. అంకెలు రాసుకునే కుర్రాడినని నన్ను పనిలోకి తీసుకున్నాడు. ఫొటోలు కడగడం, లెక్కలు రాయడం, పెళ్లిళ్లలో కెమెరా పక్కన నిలబడి "ఒకటి, రెండు, మూడు" అనడం నా పని. మూడు అనగానే అందరూ ఊపిరి బిగబట్టాలి.

పెళ్లిళ్లకు మేము రెండు కెమెరాలు పట్టుకెళ్లేవాళ్లం. పెద్దదాంట్లో ఫిల్ము ఉండేది. చిన్నది పాత పెట్టె కెమెరా. దాంట్లో ఏమీ ఉండేది కాదు, మీట నొక్కితే టిక్కుమనేది, అంతే. మాలో మేము దాన్ని ఉత్త డబ్బా అనుకునేవాళ్లం. పెళ్లివాళ్లు ఒప్పుకున్న ఫొటోలు ముప్పై అయితే, ముందుకొచ్చి నిలబడే చుట్టాలు మూడు వందలు. అందరికీ తీయలేం, కుదరదంటే అలుగుతారు. అప్పుడు అన్న నాతో "తమ్మీ, వీళ్లను చిన్నదాంట్ల తీద్దాం, మంచిగొస్తది" అనేవాడు. నేను ఒకటి, రెండు, మూడు అనేవాడిని. టిక్కు. తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే "కండ్లు మూసుకున్నవే అక్కా, ఫొటో ఖరాబైంది" అని జవాబు. ఈ పద్ధతి మా ఒక్క స్టూడియోదే కాదు, చుట్టుపక్కల చాలామంది చేసేవారు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. ఏడాది లెక్కలు చూసుకున్నాక నవ్వు ఆగిపోయింది. మరిపెడ వైపు తండాల పెళ్లిళ్లలో పెళ్లికూతురి తల్లికి కూడా ఉత్త డబ్బానే. పెద్దిళ్ల పెళ్లిళ్లలో అన్న నౌకర్లకు కూడా ఒకటి రెండు నిజంగానే తీసేవాడు. తిరిగొచ్చి గట్టిగా అడగలేని వాళ్లు ఎవరో అన్నకు ముందే తెలుసు. ఈ సంగతి నేను నోటుబుక్కులో రాసుకున్నాను గాని నోటితో అనలేదు.

స్టూడియో తెర మీద అప్పటిదాకా రాజభవనం మెట్లు ఉండేవి. రంగు పెచ్చులూడింది. సినిమాలు చూసి వచ్చిన వాళ్లందరికీ సముద్రం ముందు నిలబడాలని కోరిక. మాకు సముద్రం లేదు. నిజం సముద్రాన్ని, అందులోనూ రాళ్లకు కొట్టుకుని లేచే పెద్ద అలను ఫొటో తీసుకొస్తే, పెయింటరు దాన్ని చూసి తెర గీస్తాడని అన్న ఆలోచన. ఎప్పుడు పోవాలో లెక్క కట్టమని నాకు చెప్పాడు. పున్నమికి నీళ్లు పొంగుతాయని విన్నాను. పంచాంగం చూసి కాముని పున్నమి అని తేల్చాను. మాఘం పెళ్లిళ్లు అయిపోయాయి, ఎండాకాలానివి ఇంకా మొదలుకావు, పని పోదు.

విశాఖపట్నం దాకా రైలు. లాడ్జిలో అన్న "జర మంచి రూమియ్యి, రెండు పొద్దులుంటం" అనగానే గుమస్తా పక్కవాడి వైపు తిరిగి "ఒరే, సినిమాలో జోకరు దిగాడురా" అన్నాడు. ఆ పక్కవాడు "జర జర" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్న ముఖం నల్లబడింది. నాకు కూడా ఆ గుమస్తా చొక్కా పట్టుకోవాలనిపించింది. ఇద్దరం తాళంచెవి తీసుకుని మెట్లెక్కాం. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని ఎవరి మీద తీర్చుకున్నామన్నది తర్వాతి సంగతి.

మర్నాడు పున్నమి. భీమిలి దాటి ఒక జాలరుల పల్లె దగ్గర బస్సు దిగాం. ఇసుక తక్కువ, నల్లరాళ్లు ఎక్కువ. కొన్ని ఇంటి కప్పంత ఎత్తు, వాటి మధ్య పగుళ్లు, పగుళ్లలో నాచు. మధ్యాహ్నం మూడింటికి నీళ్లు చాలా వెనక్కి పోయి ఉన్నాయి. నా లెక్క ప్రకారం పున్నమి చంద్రుడు లేచే వేళకు నీళ్లు నిండుగా రావాలి. చెరువు నిండడం చూసినవాడిని. చెరువు ఎదురుగా నిండుతుంది, కట్ట మీద నిలబడితే ఎంత పెరిగిందో రాయి మీద కనిపిస్తుంది. సముద్రం కూడా అంతే అనుకున్నాను. అందరికంటే ముందున్న రాయి ఎక్కి, స్టాండు నిలబెట్టి, ఎదుటి నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాం. ఎదుట పెద్ద మార్పేమీ లేదు. నేను గడియకోసారి గుర్తు పెట్టుకుంటున్నాను.

నీళ్లు మా వెనక నుంచి వచ్చాయి. మేము ఎక్కి వచ్చిన రాళ్ల మధ్య పల్లం ఎప్పుడు నిండిందో చూడలేదు. సాయంత్రం ఆరింటికి తిరిగి చూస్తే మాకూ ఒడ్డుకూ మధ్య నడుము లోతు నీళ్లు గిరగిరా తిరుగుతున్నాయి. అన్న "ఏందిరా నీ లెక్క!" అని అరిచాడు. అప్పుడే ఒక అల రాయి మీదికెక్కింది. స్టాండు, ఫిల్ము రోళ్లూ ఫిల్టరూ ఉన్న చిన్న సంచి, గొడుగు, పంచాంగం, నా చెప్పు దాంతోనే పోయాయి. అన్న గడియారం పట్టీ తెగింది. కెమెరాలు మెడలో ఉండబట్టి మిగిలాయి.

ఒడ్డు నుంచి ఒక మనిషి చేతిలో మోకుతో పల్లంలోకి దిగి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి.

"ఏటి బాబూ, నీరు ఎదరనుంచొత్తాదనుకున్నారేటి? ఎనకాల గెడ్డలోంచొత్తాది" అన్నాడు. మోకు అన్న నడుముకు చుడుతూ నావైపు చూసి, "పంతులు గారిలాగ పొస్తకం పట్టుకొచ్చి సముద్రానికి సదివి ఇనిపించినారా?" అన్నాడు. అతని తమ్ముళ్లు ముగ్గురు ఒడ్డున నిలబడి నవ్వుతున్నారు. లాడ్జి వాళ్ల నవ్వు వేరు, ఇది వేరు. మా ప్రాణాలు పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాం. పొద్దున్నే పెద్దతను నాకు నీళ్ల లెక్క చెప్పాడు. పెద్ద నీరు పున్నమినాడు రాదు, విదియనాడు వస్తుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఇవాళ వచ్చిన వేళకు రేపు రెండు గడియలు, అంటే ముప్పావు గంట పైగా, ఆలస్యం. పున్నమికి పొద్దున తొమ్మిదింటి వేళ నిండితే, విదియకు పదిన్నర దాటుతుంది. నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేని ఆ లెక్కను రెండు రోజులు రాటి నీడ చూసి గడియలు లెక్కపెట్టి సరిచూశాను. తప్పలేదు. అంత సంతోషం నాకు అంతకుముందు ఏ లెక్క మీదా కలగలేదు.

రెండు రోజులూ అతను మమ్మల్ని రాళ్ల మీద తిప్పాడు. ఏ రాయి మీద ఎంతసేపు నిలబడొచ్చో చెప్పి, మోకు పట్టుకుని వెనక కూర్చునేవాడు. ఆ రెండు పొద్దులూ వాళ్లు తెప్ప నీళ్లలోకి దించలేదు. అన్న డబ్బు తీయబోతే వాళ్ల అమ్మ అడ్డొచ్చింది. అరవై దాటిన మనిషి.

"డబ్బులొద్దు బాబూ. నా కొడుకులకి ఫొటో తియ్యండి. ఈల అయ్య సముద్రం మీద ఎల్లిపోనాడు. సిన్నోడికి అప్పుడు నాలుగు నెల్లు. అయ్య మొకం ఎలాగుంటాదని అడుగుతాడు, నానేటి సూపించను? నాను పోతే ఆ మొకం కూడా పోతాది. ఈలవైనా ఉండనీండి."

ఆమె అడిగినవి ఆరు. కొడుకులకు తలా ఒకటి, నలుగురినీ కలిపి ఒకటి, తనకొకటి. అన్న గుండెల మీద చెయ్యి పెట్టుకుని "అవ్వా, ఆరు కాదు, అరవై తీస్త" అన్నాడు.

విదియనాడు పదిన్నర దాటాక అల లేచింది. మనిషి మీద రెండు మూరలు. చుట్టూ నల్లరాయి, మధ్యలో తెల్లటి నీళ్ల గోడ. అన్న చెయ్యి మంచిది, ఆ మాట దాచను. పదకొండున్నరకు నీళ్లు తగ్గడం మొదలయ్యేసరికి రోలులో ఇంకా తొమ్మిది ఫొటోలు మిగిలి ఉన్నాయి.

ఒడ్డున నలుగురూ తయారుగా ఉన్నారు. తలలు దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కాలు వేసుకున్నారు. రెండోవాడు జుట్టు అణగక నీళ్లు రాసుకుంటున్నాడు. "మొకం సూసుకోడానికి అద్దం ఉందేటి పంతులూ?" అని నన్నడిగాడు. పుస్తకం పోగొట్టుకున్న రోజు నుంచి నా పేరు పంతులే.

అన్న నావైపు తిరిగి, "తమ్మీ, వీళ్లను చిన్నదాంట్ల తీద్దాం, మంచిగొస్తది" అన్నాడు.

దగ్గరికి పోయి మెల్లగా అన్నాను. "అన్నా, పెద్దదాంట్ల ఇంక తొమ్మిదున్నయి."

"నాకు ఎరుకలేదా? నువ్వు లెక్కపెట్టు."

తొమ్మిదిలో ఆరు పోతే మూడు. ఒకటో తరగతి తీసివేత. రెండు రోజులు మా వెనక మోకు పట్టుకుని కూర్చున్న మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. టిక్కు. పెద్దవాడు. ఒకటి, రెండు, మూడు. రెండోవాడు నవ్వేశాడు. "నవ్వకురా, పళ్లన్నీ పడతాయి ఫొటోలో" అని తల్లి కేకేసింది. దాంతో వాడు ఇంకా నవ్వాడు. టిక్కు. అట్లా ఆరుసార్లు. ఆరుసార్లూ నా గొంతే.

తర్వాత అన్న పెద్ద కెమెరా నా చేతికిచ్చి, పల్లె దాటాక ఒక రాయి మీద కాలు పెట్టి నిలబడ్డాడు. కళ్లద్దాలతో, కళ్లద్దాలు లేకుండా, నడుము మీద చెయ్యి పెట్టుకుని. ఆ తొమ్మిదీ అతనివే. తీసింది నేను.

రైలు రాజమండ్రి దాటింది. "ఎందుకన్నా, ఫిల్ము ఉన్నదిగద?" అని అడిగాను.

"ఆంధ్రోళ్లు మనల్ని జోకర్లన్నరు గద. మనం ఉత్త డబ్బా పెట్టినం. చెల్లుకు చెల్లు" అని, అరటిపండు తొక్క కిటికీలోంచి విసిరేశాడు.

ఇది ఏ లెక్క? నవ్వింది లాడ్జి గుమస్తా. గదికి అద్దె ఇచ్చి, రసీదు తీసుకుని, అతనికి దండం పెట్టి వచ్చాం. ఉత్త డబ్బా పెట్టింది మమ్మల్ని నీళ్లలోంచి ఈడ్చుకొచ్చిన వాళ్లకు. ఒకడి బాకీ ఇంకొకడి దగ్గర వసూలు చేసి చెల్లు రాసుకోవడమేనా మనం అరవై తొమ్మిదిలో అడిగిన లెక్క? ఇదంతా నేను ఆ రోజు అతనితో అనలేదు. కిటికీ చువ్వలు లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

తెర తయారైంది. దాని ముందు ఎంతమంది నిలబడ్డారో నా నోటుబుక్కులో ఉంది, ఆ అంకె రాయడానికి మనసొప్పడం లేదు. బిడ్డల్ని ఎత్తుకొచ్చిన తండా తల్లి ఒకామె ఆ నీళ్లను వేలితో ముట్టి, వేలు తడిసిందేమోనని చూసుకుంది.

రెండు నెలలకు ఆ జాలరుల పల్లె నుంచి మొదటి కార్డు వచ్చింది. ఊరి బడిలో ఎవరితోనో రాయించినట్టుంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఫొటోలు ఇంకా అందలేదు, ఎప్పుడు పంపుతారని. అన్న చెప్పిన జవాబే నేను రాశాను. అందరూ కళ్లు మూసుకున్నారు, ఫొటోలు పాడైపోయాయి. ఏడాదికి రెండో కార్డు. మళ్లీ ఎప్పుడొస్తారు, ఈసారి కళ్లు తెరిచి నిలబడతాం అని. దానికి అన్న జవాబు రాయనీయలేదు, నేనూ రాయలేదు.

మూడోది ఆ పై ఏడాది వానలు తగ్గాక వచ్చింది. నాలుగే వాక్యాలు. "మా రెండోవాడు వేటకు పోయి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. ఫొటో పాడైనా ఫరవాలేదు, కళ్లు మూసుకున్నా ఫరవాలేదు, పంపండి. ఎలా ఉన్నా చూసుకుంటాం."

నేను దాన్ని షాపులో మనుషులుండగానే గట్టిగా చదివాను.

"లోపటికి రా, తమ్మీ" అన్నాడు అన్న.

"ఈడనే చెప్పు. ఏం పంపాలె?"

"నెగెటివు కాలిపోయిందని రాయి."

"ఏ నెగెటివు అన్నా? లెక్క అప్పజెప్పాలె అని లారీ మీద అరిస్తివి గద. గిప్పుడు అప్పజెప్పు."

"దుకాణంల పనోనివి. ఎక్కువ మాట్లాడకు."

కత్తెర బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఆ నెల జీతం కోసం కూడా తిరిగి పోలేదు. ఇక్కడితో ఆపితే నేను మంచివాడిగా మిగులుతాను. అందుకే మిగిలింది రాస్తున్నాను. జనగామలో చిన్న గది తీసుకుని సొంతంగా ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఉత్త డబ్బా నా గడప తొక్కలేదు. కాని ఆ పల్లెకు పోలేదు, నిజం రాయలేదు. ఒక్క కార్డు ముక్క. పదకొండేళ్లు రాయలేదు. ఛార్జీలు లేకపోవడం ఒక ఏడాది నిజం, మిగతా పదేళ్లు అబద్ధం. అన్న మీద ఎంత కోపముందో నా మీద అంతకు తక్కువ లేదు. కొన్ని రోజులు ఎక్కువే.

ఎనభైలు అయిపోవస్తుండగా భూపాలపల్లిలో బొగ్గుబాయిల పని మొదలైంది. అక్కడ పనికి కుదిరేవాళ్లకు కార్డు ఫొటోలు తీయడానికి పోయేవాడిని. ఒకతను ఫొటో దిగి లేచి, "అన్నా, ఇంకోటి ఎక్కువ కడిగియ్యి, మా అవ్వకు. బాయిలకు దిగెటోళ్లం" అన్నాడు. మామూలుగానే అన్నాడు, నవ్వుతూ. అతనికి రెండు కడిగిచ్చాను. ఆ వారమే రైలెక్కాను.

పల్లె అక్కడే ఉంది. పెద్దతని జుట్టు నెరిసింది. నన్ను చూసి "పంతులు గారా" అన్నాడు. తల్లికి చూపు తగ్గింది, గొంతు విని పోల్చుకుంది.

"నువ్వే గదా లెక్కెట్టినావు. ఒకటి, రెండు, మూడని."

చెప్పేశాను. రైల్లో అనుకున్న పెద్ద మాటలేవీ రాలేదు. ఆ డబ్బాలో ఫిల్ము లేదు, నాకు ముందే తెలుసు, అని రెండే ముక్కలు. చిన్నవాడు నా మీదికి లేచాడు, పెద్దతను చెయ్యి అడ్డుపెట్టాడు. కొట్టనిచ్చినా బాగుండేది.

ముసలామె నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. తర్వాత అడిగింది.

"అయితే ఆడు నవ్విందీ ఉత్త డబ్బాకేసేనా?"

నేను తల ఊపాను. ఆమెకు కనిపించలేదేమో, మళ్లీ అడిగింది. "అవునమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున పోటు తగ్గాక ఫొటోలు తీశాను. రోలు ఎక్కించే ముందు పెద్దతను నా చేతిలోంచి కెమెరా తీసుకుని, వెనక తలుపు తెరిచి లోపల చూశాడు. రోలు చూపించాను, వేలితో తడిమి తిరిగిచ్చాడు. ముగ్గురు కొడుకులు, తల్లి. నేను లెక్కపెట్టలేదు, వాళ్లే ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు. అందరినీ కలిపి ఒకటి తీయనా అని అడిగితే ఆమె ఒప్పుకోలేదు.

"నాను నలుగురిని అడిగినాను. ముగ్గురిని అడగలేదు" అంది.

నాలుగూ కడిగి రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు రసీదు మీద వేలిముద్ర వచ్చింది. అడిగినవి ఆరు, ఇచ్చినవి నాలుగు. రెండోవాడిది ఒకటి, నలుగురూ కలిసి నిలబడింది ఒకటి, ఈ రోజుకీ బాకీ రెండు.